కుప్పుస్వామి కయిరు మహోత్సవం

కడంబత్తూరు కుప్పుస్వామి తాగుడు మానేస్తున్న శుభసందర్భంగా బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, తిరుత్తణి కొండ కింద ఒక చిన్న గుడిలో ఆయనకు కయిరు కట్టించడమైనది. కయిరంటే మందు ముట్టనని దేవుడి ముందు ఒట్టు పెట్టి మణికట్టుకు కట్టించుకునే దారం. రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా వెలిసింది. అందులో ఆయన మేనమామ నటరాజు ఏనుగంత, కుప్పుస్వామి తపాలా బిళ్ళంత ఉన్నారు.

నిజానికి ఆయన భార్య సెల్వి అడిగింది కయిరు కాదు. భర్త రక్తం కక్కాడు. తెల్లారితే చేతిలో కాఫీ లోటా నిలవడం లేదు. తాగుడు మాన్పించే డాక్టరు తిరువళ్ళూరులో ఎక్కడుంటాడని అడిగింది. సారాయి దుకాణానికి కళ్ళు మూసుకుని దారి చెప్పగల బంధువర్గం ఈ ప్రశ్నకు దిగ్భ్రాంతి చెందింది.

"ఆస్పత్రికా? మన వంశంలో ఎవురన్నా పోయినారామ్మా? పరువేం గావాల?" అన్నాడు నటరాజు. కిందటి నెల కుప్పుస్వామి పంచె లేకుండా బస్టాండులో పడుకున్నప్పుడు వంశానికి ఏ నష్టమూ వాటిల్లలేదని గమనించవలెను.

పిమ్మట పెద్దలు ఒట్టుకు సడలింపులు ప్రకటించారు. పెళ్ళిళ్ళకు సంతోషం కనుక, చావులకు దుఃఖం కనుక మినహాయింపు. బీరు అసలు మందే కాదని ఏకగ్రీవ తీర్మానం. ఆ సాయంత్రమే విందు. కయిరు కట్టుకున్నవాడు ఎటూ తాగడు గనుక, అందరికీ పోసే పని ఆయనకే అప్పగించారు. చేతులు వణికి సగం నేలపాలు చేసినందుకు మాత్రం మందలించారు.

అందరూ పోయాక కుప్పుస్వామి అన్నాడు: "సెల్వీ, ఆ డాక్టరు యాడుండాడో కనుక్కో. నాకు భయంగా ఉండాది."

కనుక్కుంది. బుధవారం ఇద్దరూ రైలెక్కి తిరువళ్ళూరు పెద్దాస్పత్రికి పోయారు. వరసలో మగవాళ్ళందరూ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాగేవాళ్ళు ఎవురప్పా?" అంది నర్సమ్మ.

ఎవరూ కాదు. ఒకరు తమ్ముడి కోసం వచ్చారు, ఒకరు పక్కింటాయన కోసం. కుప్పుస్వామి ఒక్కడే వణుకుతున్న చెయ్యి ఎత్తాడు, కయిరుతో సహా.

"పరువంతా తీసినావు గదరా" అందొక తువ్వాలు వరస ముందు నుంచి.

సెల్వి ఆ గొంతు గుర్తుపట్టింది. "మీరెవురికోసం వచ్చినారు మామా?"

"ఇంకెవురికి? వీడి కోసమే" అన్నాడు నటరాజు, తువ్వాలు బిగించుకుంటూ.

పాఠకులు కూడా ఈ కథను తమ బంధువు ఎవరికో చదివి వినిపించడానికే చదివి ఉంటారు. సంతోషం. వరస చివర ఇంకా చోటుంది. తువ్వాలు ఎవరిది వారే తెచ్చుకోవలెను.