ఇసుకపళ్ళెంలో కొవ్వొత్తులు

పొద్దున్నే మొదటి బస్సుకు గ్రీసులోని థెస్సలొనీకి నగరానికి వెళ్ళి, మ్యూజియంలో ఉన్న దేవమాత పటాన్ని తెచ్చుకుని, చీకటి పడేలోగా మేకలకు నీళ్ళు పెట్టుకోవాలని గరిఫాలియా ఏర్పాటు. ఊరి చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. శుభ్రం చేసి ఇస్తామని పటం పట్టుకెళ్ళిన మ్యూజియంవాళ్ళు ఏళ్ళు గడుస్తున్నా ఊసెత్తడం లేదు. ఆగస్టులో వచ్చే దేవమాత పండగ ఇక వారమే ఉంది. పటం లేని ఊరేగింపు అంటే పెళ్ళికూతురు లేని పెళ్ళని ఆమె మంట. తోడుగా ఫాదర్ స్తాథిస్‌ను లాక్కెళ్ళింది. ఆయనకు గడ్డం పెద్దదే గానీ నోరు చిన్నది.

డైరెక్టరు లేఆంద్రోస్ కాఫీ ఇప్పించి, తీరిగ్గా కాదన్నాడు. మీ చర్చిలో చెమ్మ, పొగ, పైగా ఊరంతా ముద్దులు పెడతారు, రంగు నిలవదన్నాడు. మ్యూజియం ప్రజలది, ఇక్కడుంటే అందరూ చూస్తారన్నాడు.

"ఏ ప్రజలు నాయనా? పొద్దుట్నించీ మీ మేడ మీద మేం తప్ప పురుగు లేదు. మా ఊళ్ళో ఆవిడకి రోజూ పలకరింపులుండేవి. నువ్వు నంబరేసి జైల్లో కూచోబెట్టావు."

ఫాదర్ దగ్గాడు. అంతకుమించి సాయం చెయ్యలేదు. ఆమె విసురుగా వెళ్ళి పటం ముందున్న అద్దాన్ని ముద్దు పెట్టుకుంది. గంట మోగింది. కాపలావాడు వచ్చి ఇద్దరినీ మెట్లు దింపాడు. గరిఫాలియా వెనక్కి తిరిగి, అయిదు వేళ్ళూ చాచి అరచెయ్యి వాడి మొహానికి చూపించింది. అక్కడ అదే పెద్ద తిట్టు, ఇంక నోటితో తిట్టే పని లేకపోయింది.

కింది అంతస్తులో అన్నీ కొత్తకాలపు కళాఖండాలు. ఒక చీకటిగదిలో నడుమెత్తు బల్లమీద పెద్ద ఇత్తడిపళ్ళెం, దాన్నిండా ఇసుక. ఏథెన్సు శిల్పి ఒకాయన దానికి 'శూన్యం' అని పేరు పెట్టాడు. గరిఫాలియాకు ఆ సంగతి తెలీదు. వాళ్ళ చర్చిల్లో కొవ్వొత్తులు గుచ్చేది ఇసుకపళ్ళెంలోనే; అది కనిపిస్తే ఒకటి గుచ్చడం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ చేతికి అలవాటు. పండక్కని కొన్న కట్టలోంచి ఒకటి తీసి వెలిగించి గుచ్చి, డైరెక్టరు మీద దేవమాతకు పైకే ఫిర్యాదు మొదలుపెట్టింది.

అంతలో కవాలా ఊరినుంచి యాత్రకొచ్చిన బస్సెడు ఆడవాళ్ళు దిగబడ్డారు. ఇసుక, కొవ్వొత్తి, గడ్డంతో ఫాదరు. వాళ్ళకింకేం కావాలి? వరస కట్టారు. ఇక్కడ ఏ పునీతుడు వెలిశాడని ఒకావిడ అడిగితే, ఫాదర్ బెదిరిపోయి "అందరూ" అన్నాడు. దాంతో ఇంటిల్లిపాదికీ తలా ఒకటి వెలిగించారు. గరిఫాలియా కట్ట ఖాళీ అయింది. పొగ కప్పుకి తగిలి, మేడంతా గంటలే గంటలు.

మంటలార్పే గొట్టాలు తెరుచుకుని కప్పులోంచి నీళ్ళు కురిస్తే పాత పటాలన్నీ పాడైపోతాయని పైన గగ్గోలు పుట్టింది. మనుషులు చాలక, పటాల్ని ఎవరు కనబడితే వాళ్ళ చేతుల్లో పెట్టి బయటికి పంపుతున్నారు. డైరెక్టరు దేవమాత పటాన్ని గుండెకు హత్తుకుని దగ్గుతూ దిగాడు. పొగలో కళ్ళు మండి, ఎదురుగా ఉన్న గరిఫాలియా నల్లగౌను తప్ప మొహం కనబడక, పటం ఆమె చేతుల్లో పెట్టేశాడు.

"అమ్మా, గట్టిగా పట్టుకో. బయటికి పో. ఎక్కడా ఆగకు."

ఆమె ఆగలేదు. బస్టాండు దాకా ఆగలేదు. ఇది దొంగతనమేమోనని బస్సులో ఫాదర్ గొణిగాడు. పెద్ద ఉద్యోగి మాట వినడం దొంగతనమైతే, వినకపోవడం ఏమవుతుందో చెప్పమని కసిరింది.

పండగనాడు ఊరంతా బారులు తీరి పటాన్ని ముద్దాడుతుండగా, పటం ఎవరి చేతిలో పెట్టాడో అప్పటికి తేలి, డైరెక్టరు ఫోను చేశాడు. పోలీసులన్నాడు, కోర్టన్నాడు, గొంతు పోయేదాకా అరిచాడు. గరిఫాలియా అంతా విని, నెమ్మదిగా అంది.

"గట్టిగా పట్టుకోమన్నావు నాయనా, పట్టుకునే ఉన్నాం. ఊరు ఊరంతా."