రాజుగారి గడ్డానికి జరిగిన అన్యాయం

అన్యాయం జరిగింది ఎవరికి? గడ్డానికి! ఎలా జరిగింది? ఒక స్త్రీ చుబుకానికి కట్టారు, అలా!

తీబ్స్ నగరంలో ఈ మాట తలచుకొని కంటతడి పెట్టని పెద్దమనిషి లేడు. నేనూ గడ్డం పక్షమే. పాఠకులారా, గడ్డాన్ని మించిన వరం మన నైలు తీరాన మరొకటి ఉందా? భర్త మంచం పట్టినంతకాలం రాణి నెబెత్కా కాలువలు తవ్వించింది, తగవులు తీర్చింది, ఎడారి దొంగలను తరిమింది. అది పరిపాలన ఎలా అవుతుంది? గడ్డం లేదు కదా! రాజుగారు మాత్రం గడ్డం కట్టుకొని పడక మీద ఆవులించినా, దాన్ని రాజ్యభారం అన్నారు.

ఆయన పోయాడు. వారసుడు లేడు. నెబెత్కా రాజయింది. రాజయినవారు కొత్త సంవత్సరం నాడు ఆమున్ దేవుడి గర్భగుడిలో స్వహస్తాలతో నైవేద్యం పెట్టాలి. పెట్టలేకపోతే పొద్దు గుంకేలోగా కిరీటం దించాలి.

ఆ ఉదయం ముసలి దాది ఇపూ, మేక వెంట్రుకలతో అల్లిన రాజగడ్డాన్ని తెచ్చి నెబెత్కా చెవుల వెనుక నాడాలు బిగించింది.

"కదలకు తల్లీ! మీ ఆయన కూడా ఇలాగే మెలికలు తిరిగేవాడు."

"దురద పెడుతోందే!"

"రాజ్యమంటే మరేమనుకున్నావు? దురదే!"

గుడి వాకిట ప్రధాన పూజారి బాకెన్ చేతులు చాచి అడ్డం నిలిచాడు.

"ఆగమ్మా! అది కట్టుడు గడ్డం. సొంత గడ్డం లేనివాళ్ళు దేవుడి ముందుకి రాకూడదు. మీ ఆయన కొన ఊపిరితో ఉన్నప్పుడు, ఒక్కసారి దణ్ణం పెట్టుకుంటానని వచ్చావు. అప్పుడూ ఇదే చెప్పానుగా?"

"చెప్పారు స్వామీ. ఈ రాతిపలక మీదే నిలబెట్టారు. ఊరంతా చూసింది. ఈ నియమం అందరికీనా?"

"అందరికీ!"

"అయితే కానివ్వండి," అని ఆమె మెట్ల మీద కూర్చుంది. సొంత గడ్డం లేనివారిని ఎవరినీ లోపలికి విడవవద్దని భటులకు ఆజ్ఞ ఇచ్చింది.

ఎంత గొప్ప నియమం! ఒక్కటే చిక్కు. మన పూజారులు గడ్డమే కాదు, తల, కనుబొమ్మలు కూడా గొరిగించుకుంటారు. బాకెన్ నెత్తి రాగి అద్దంలా మెరుస్తుంది. ఇక రాజులంటారా, తాతలనాటి నుంచి ప్రతి ఒక్కరూ కట్టుకున్నది మేక వెంట్రుకలనే! ఈ చిన్న సంగతి గడ్డం భక్తులకు అంతవరకు తట్టలేదు. భక్తి అంటే అలా ఉండాలి!

దేవుడు ఆరగించనిదే ప్రసాదం పూజారుల ఇళ్ళకు చేరదు. కాల్చిన బాతులు, తేనె రొట్టెలు, బార్లీ కల్లు కుండలు ముంగిట్లోనే ఉండిపోయాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. చిన్న పూజారులు బాకెన్ చుట్టూ మూగారు.

"గురువుగారూ, బాతులు పాడైపోతున్నాయి!"

"నేనేం చెయ్యనురా?"

"నియమం పెట్టింది మీరే. గడ్డం మొలిపించేదీ మీరే!"

అప్పుడు ఇపూ ఒక మేకపోతును తోలుకొని వచ్చింది.

"సొంత గడ్డం నాయనా! కావాలంటే లాగి చూసుకోండి."

భటులు లాగి చూశారు, వినయంగా తప్పుకున్నారు. మేకపోతు గడప దాటి, దేవుడి తామరపూల దండ అందుకొంది. బాకెన్ మెట్ల దగ్గరికి పరుగెత్తాడు.

"రాజుగారూ, దాన్ని ఆపండి! కట్టుడు గడ్డమైనా చెల్లుతుంది!"

"మీకు కూడానా?"

"నాకు కూడా!"

మేకపోతును బయటికి లాగారు. ఇపూ కొంగు చాటునుంచి మరో గడ్డం తీసింది. రాజుగారు స్వయంగా బాకెన్ చెవుల వెనుక ముడి వేశారు, కొంచెం గట్టిగానే.

"దురదగా ఉంది ప్రభూ!"

'అమ్మా' అన్న నోరే 'ప్రభూ' అంది! చూశారా గడ్డం మహిమ? ఆమె తవ్వించిన కాలువల నీళ్ళు ఇన్నేళ్ళుగా తాగుతున్నవారికి కనిపించని రాజు, గుప్పెడు మేక వెంట్రుకల వెనుక ఇట్టే కనిపించింది. ఇంత చూపునిచ్చిన మేకకు గుడి కట్టరేమి?

"లోపలికి రానా ప్రభూ?"

"తొందరేముంది స్వామీ? నైవేద్యం పెట్టి వస్తాను. అంతవరకు ఆ రాతిపలక మీద నిలబడి దణ్ణం పెట్టుకోండి."

ఊరంతా చూస్తుండగా, కట్టుడు గడ్డం గోక్కుంటూ, బాకెన్ వెళ్ళి ఆ పలక మీద నిలబడ్డాడు. పాత బాకీ పూర్తిగా చెల్లింది.