మొసళ్లకు మంచినీళ్లు

పాలమూరు కరువును మొసలి తోలుతో తరిమికొడతామని మంత్రిగారు కొల్లాపూర్ సభలో ప్రకటించారు. ఆ తోలు సంచులు ఫారిన్ దొరసానుల భుజాలకు వేలాడతాయని, మన లేబర్ ఇక వలస పోనక్కర్లేదని సెలవిచ్చారు. ముందు వరుసలో చప్పట్లు కొట్టినవాళ్లు మర్నాడే బొంబాయి బస్సెక్కారు.

మొసళ్ల ఫారం గుట్ట మీది ఊరికి దక్కింది. అక్కడికి కృష్ణ కంటికి కనబడుతుంది గానీ బిందెకు అందదు. మేకలు కోసే యాకూబును వాచర్‌గా వేశారు. తోలు తెలిసినోడికి మొసలి తెలవదా అన్నది ఆఫీసరు వామన్‌రావు గారి సిద్ధాంతం.

మొసళ్ల మడుగుకు రోజూ ట్యాంకర్ వచ్చేది. ఊరి బావులు ఎండి నెలలైంది.

"యాకూబన్నా, మొసలికి దూపయితదా?" అని అడిగింది నర్సింగమ్మ, చంకన బిందెతో.

"ఏమో చెల్లె. నన్నయితే ఎన్నడడగలే."

"మా పిల్లలు అడుగుతున్రు."

యాకూబు ఆఫీసరు దగ్గరికి పోయాడు.

"ఈ నీళ్లు మొసళ్లకు శాంక్షనైనయి. మనుషులు స్కీంల కవర్ కారు" అన్నారాయన, చాలా సానుభూతితో.

ఇక యాకూబు ఒక గట్టున మొసళ్ల మేతకొచ్చే మేక బోటి విసిరేవాడు. మొసళ్లు అటు పోగానే ఆడవాళ్లు ఇటు గట్టున బిందెలు ముంచుకునేవారు. ఒకనాడు ఓ మొసలి బోటి మానేసి నర్సింగమ్మ బిందెను కరుచుకుపోయింది. చెయ్యి వెంట్రుకవాసిలో దక్కింది.

ఆ వారమే మంత్రిగారి బామ్మర్ది కట్టించిన ఫారం ప్రహరీ, వాన లేకుండానే, కూలింది. మొసళ్లు వరుసగా గుట్ట దిగి కృష్ణలో కలిశాయి. యాకూబు ఉరికిపోయి చెప్పాడు. వామన్‌రావు గారు కుర్చీలో కూలబడ్డారు.

"మొసళ్లు పోయినయంటే స్కీం పోతది. స్కీం పోతే నేను పోత, ట్యాంకర్ పోతది."

యాకూబుకు నర్సింగమ్మ చెయ్యి కళ్లలో మెదిలింది.

"అయితే నేను జెప్పలే సార్. మీరినలే."

ట్యాంకర్ ఆగలేదు. బోటీ ఆగలేదు. ఊరు కాస్త ఒళ్లు చేసింది.

ఎండాకాలం చివర మంత్రిగారు తనిఖీకి వచ్చి మడుగులోకి తొంగిచూశారు.

"ఏవయ్యా మొసళ్లు?"

యాకూబు ఓ అడుగు ముందుకేశాడు. "అడుగున పండుకున్నయి సార్. మీరొస్తున్నరని భయం."

మంత్రిగారు సంతోషించారు. నర్సింగమ్మ వైపు తిరిగి, "మొసళ్లంటే భయమైతలేదా అమ్మా?" అన్నారు.

"మొదాలయింది సార్. గిప్పుడు లేదు."

మనిషికీ మృగానికీ మధ్య మైత్రి గురించి ఆయన చాలాసేపు మాట్లాడారు. గట్టు దిగేసరికి పక్కూరి సర్పంచి కాటమయ్య దండతో అడ్డం వచ్చాడు. పొద్దటి నుంచి అతను మడుగు చుట్టే తిరుగుతున్నాడు.

"మా ఊరికి గూడ మొసళ్లనియ్యాలె సార్."

"ఇస్తా. ఇంతకన్న పెద్ద జాతివి తెప్పిస్తా."

"వద్దు సార్" అన్నాడు కాటమయ్య, చేతులు జోడించి. "మాకు గివే గావాలె."