వెనకడుగుల దిగ్విజయం

నాకు ఏళ్ల తరబడి ఒక సందేహం. రోజూ ఉదయం దేవుడి ముందు కూర్చుని చదువుకునే వీరుల కథలన్నిటిలోనూ వెనకడుగు వేసినవాడు పిరికివాడే. మరి ఎదుటివారి మీద నుంచి చూపు తిప్పకుండా, అడుగడుగూ వెనక్కి నడిచి పోరాడినవాణ్ణి ఏమనాలి? భగవంతుడు దీనికి ఎక్కడా జవాబు చెప్పినట్టు లేదు. అందుకే నా తమ్ముడి యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. తీర్పు మీదే.

అది ఆదివారం. సహస్రకిరణుడైన సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ల ట్యాంకును అధిరోహించి, పన్నెండడుగుల మా ముందుగది మీదికి సువర్ణకాంతులను ప్రయోగిస్తున్న పదిగంటల వేళ, ఛాయాగ్రహణధురంధరుడైన నా తమ్ముడు మూరెడు పొడవూ పసిబిడ్డంత బరువూ గల టెలిఫోటో జూమ్ లెన్సు అనే మహాస్త్రాన్ని చేతబూని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

ఎదుట కుర్చీలో నా భార్య. రోగుల పాలిటి ధైర్యలక్ష్మి, సూదిమందు ప్రయోగంలో అసమానురాలు, నిన్ననే హెడ్ నర్సయిన ధీర. ఆమెకు ఒక్కటే బలహీనత. కెమెరా కనబడితే రెప్పలు వాలిపోతాయి. మా పెళ్లిలో తమ్ముడు తీసిన ముప్పై ఆరు ఫోటోల్లోనూ కళ్ళు మూసుకునే ఉంది. ఆనాడే వాడు, "వదినా, రెండు కళ్ళు నీకు బాకీ పడ్డాను" అని శపథం చేశాడు. ఇరవై రెండేళ్లు గడిచాయి. ఇప్పుడు ఆసుపత్రి వార్డు గోడకు ఆమె ఫోటో కావాలి. మధ్యాహ్నం పన్నెండులోగా పంపకపోతే గుర్తింపు కార్డులోదే పెద్దది చేసి తగిలిస్తారు. అందులోనూ కళ్ళు మూతే.

"నిద్రపోయే నర్సమ్మంటారు మరిదీ. నా పరువు నీ చేతిలో ఉంది."

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. గుండె చరుచుకుని గర్జించాడు. "వదినా! సమీపించిన కెమెరాను చూసి కదా నీ రెప్పలు వాలేది! నేడు ఈ అస్త్రబలంతో దూరతీరాలకు తరలిపోయి, నీ రెప్పలకైనా తెలియకుండా నీ నేత్రద్వయాన్ని హరించెదను!"

"హరిద్దువుగానీ, ముందు కాఫీ తాగు. చల్లారిపోతోంది."

తాగి, గురిపెట్టాడు. అస్త్రం గుర్రుమంది. "నీ చెవికమ్మ ఒక్కటే కనిపిస్తోంది వదినా. రథచక్రమంత ఉంది."

"జూమ్ తగ్గించరా," అన్నాను.

"తగ్గిస్తే గోడ, క్యాలెండరు, ఫ్యాను స్విచ్చు అన్నీ పడతాయన్నయ్యా. పూర్తి జూమ్‌లో అయితే వెనకంతా వెన్నలా కరిగిపోతుంది. నాకు దూరం కావాలి!"

కుర్చీని గుమ్మంలోకి జరిపించి, మెట్లు దిగి, పూలకుండీని మడమతో తాకి తప్పించుకుని, గేటును వీపుతో ఛేదించి, సైకిలువాడి తిట్లను నిర్వికారంగా భరించి, వ్యాన్ల హారన్లను శంఖారావాలుగా స్వీకరించి, కంటి నుంచి కెమెరా దించకుండానే ఆ వీరుడు వీధినంతా వెనకడుగులతో జయించాడు. ఇక మాట వినపడదు. దౌత్యం నాకు పడింది. ఈ వయసులో వీధికి అటూ ఇటూ పరుగులు.

"గడ్డం కాస్త దించాలట."

"దించితే కళ్ళు మూసుకుపోతాయని చెప్పండి."

"మూసుకుపోతే తెరవాలట."

"మీ తమ్ముడు ఇరవై రెండేళ్లుగా చెప్పేది అదేగా!"

పద్నాలుగు బాణాలు వదిలాడు. పద్నాలుగూ వృథా. వీధి అవతల లెన్సు పైకి లేస్తే చాలు, ఇవతల రెప్పలు కోట తలుపుల్లా దభాలున మూసుకునేవి. పన్నెండు దగ్గరపడుతోంది. ఆమె ముఖంలో దిగులు నాకే కనిపిస్తోంది.

"ఇంకో రెండడుగులు!" అని వాడు అవతల ఉన్న ఇస్త్రీ దుకాణంలోకి వెనక్కి నడిచాడు. సరిగ్గా వాడి నడుము వెనక, బల్లమీద, పొగలు కక్కుతూ ఇస్త్రీపెట్టె!

కాలిన గాయాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. కుర్చీలోంచి సగం లేచి, వీధి అదిరేలా అరిచింది.

"మరిదీ! ఆగు! వెనక ఇస్త్రీపెట్టె!"

ఇస్త్రీ ఆయన పెట్టెను లాగేశాడు. తమ్ముడు తూలాడు, మీట నొక్కాడు, మడతపెట్టిన చొక్కాల గుట్ట మీద కూలబడ్డాడు. లెన్సు మాత్రం ధ్వజంలా నిలువుగా నిలిచింది. ఆ సంగ్రామంలో ఏడు చొక్కాల మడతలు వీరమరణం పొందాయి.

"ఏం సారూ, కూర్చోడానికి ఇస్త్రీ చేసిన బట్టలే దొరికాయా?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

అప్పటికే ఆమె వీధి దాటి వచ్చేసింది. వాడు కెమెరా వెనక తెర చూపించాడు. వెన్నలా కరిగిన గుమ్మం ముందు, ఇంతింత చేసుకుని చూస్తున్న రెండు కళ్ళు. వాటి నిండా వాడి మీది కంగారు. ఇలాంటి కళ్ళు గోడ మీద ఉంటే ఏ రోగికైనా సగం జబ్బు తగ్గుతుందనిపించింది నాకు.

"నోరు తెరిచి ఉంది," అందామె.

"నోటి సంగతి నేను మాటివ్వలేదు వదినా. కళ్ళవరకే."

ఆమె నవ్వాపుకుని తెర మీదికి వంగి చూసింది. "సరే, పంపించు. తీరిందిలే నీ బాకీ. ఏదీ, ఇటు తిరుగు. ఎక్కడైనా కాలిందేమో చూడనీ."

సర్వజనులారా, వినండి! ఆనాడు పదకొండు గంటల యాభై రెండు నిమిషాలకు, ఇస్త్రీ దుకాణంలో, సాక్షుల సమక్షంలో, రెండు కళ్ళు సంపూర్ణంగా చెల్లిపోయాయి.