సీసాలకు ఊపిరి పోసిన చేపలాయన

ఆ ఆదివారం ఉదయం చేపలాయనకు అప్పగించిన పని ఒక్కటే. భార్య ప్రయోగశాలలో కూర్చుని, ఇంక్యుబేటర్ మీది అంకె డెబ్బై డిగ్రీల నుంచి కదలకుండా చూడాలి. ఆమె స్టేషనుకు వెళ్ళి ఒక ఆచార్యుణ్ణి తీసుకువస్తుంది. ఆ పెద్దమనిషి నమ్మితే ఆమె నాలుగేళ్ళ పరిశోధన సాగుతుంది, లేకపోతే ఇవాళ్టితో సరి.

"అంకె తగ్గకూడదు. అంతకుమించి మీరేం చెయ్యొద్దు," అందామె.

"ఇరవై ఏళ్ళుగా నీళ్ళలో ప్రాణాల్ని సాకుతున్నవాణ్ణి. నాకు చెప్పాలా?" అన్నాడు రంగుచేపల దుకాణం యజమాని. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఆమె వెళ్ళాక ఆయన ఇంక్యుబేటర్ తలుపు అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. పన్నెండు సీసాలు, బిగించిన రబ్బరు బిరడాలు, అడుగున నల్లటి బురద, పైన రంగులేని నీళ్ళు. ఆ బురదలోని సూక్ష్మజీవుల ఘనత ఆయన భోజనాల దగ్గర వందసార్లు విన్నాడు. ఆరు కర్బన పరమాణువులు చేతులు పట్టుకుని బిగుసుకున్న వలయాన్ని తెంచి తినేస్తాయవి. మామూలు సూక్ష్మజీవులైతే ఆ పనికి ఆక్సిజన్ సాయం అడుగుతాయి. ఇవి గాలి మొహం చూడకుండా, చెయ్యి పెడితే బొబ్బలెక్కే నీళ్ళలో కూర్చుని తాపీగా కానిచ్చేస్తాయి. విన్నప్పుడల్లా ఆయనకు ఒళ్ళు పులకరించేది.

"గాలి లేకుండానే ఇంత చేస్తున్నాయంటే, పాపం, కాస్త గాలాడితే ఇంకెంత చేస్తాయో!" అనుకున్నాడు.

దుకాణం సంచిలో గాలిపంపు ఉండనే ఉంది. బల్ల మీద సూదులున్నాయి. మొదటి సీసా బిరడాలో రెండు సూదులు గుచ్చి, ఒకదానికి పంపు గొట్టం తగిలించాడు. బుడగలు లేచాయి. చూస్తుండగానే నీళ్ళు గులాబీ రంగు తిరిగాయి.

"ఆహా, బుగ్గలెర్రబడ్డాయి!"

చప్పుడు విని వాచ్‌మన్ వచ్చాడు. "ఏంటి సార్ ఇది?"

"ఊపిరి పోస్తున్నానయ్యా."

"ఇవి బాగా తేరుకున్నాయి సార్. ఆ పక్కవే పాలిపోయున్నాయి," అన్నాడతను జాలిగా.

ఇంకేముంది, రెండోది, మూడోది, ఇలా ఆరు సీసాలు అయ్యాయి. అంకె అరడిగ్రీ తగ్గితే చాలు, తలుపు మూసి, మళ్ళీ డెబ్బైకి వచ్చేదాకా ఆగేవాడు. భార్య మాట జవదాటే మనిషి కాదాయన.

ఏడో సీసా అందుకోబోతుండగా ఆమె ఆచార్యుడితో లోపలికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, ఆ రంగేమిటో తెలుసా?"

"ఆరోగ్యం."

"ఆక్సిజన్ సోకితే తెలియాలని నేను కలిపిన రంగండీ అది! వాటికి గాలే విషం!"

చేపలాయన చేతిలోంచి సూది జారిపోయింది. నాలుగేళ్ళు ఆమె కంటికి రెప్పలా కాపాడినవాటిని ప్రేమగా చంపేశానన్న సంగతి అర్థమై, ఏడుపొచ్చినంత పనైంది.

ఆచార్యుడు మాత్రం వంగి సీసాలను చూస్తున్నాడు. "వేడి తగ్గిందా?"

"ఒక్క అంకె కూడా తగ్గనివ్వలేదండీ," అన్నాడు నేరస్థుడు నీరసంగా.

"అమ్మా, మూడు వారాలు వీటిని ఇలాగే ఉంచు. పంపు ఆపొద్దు."

మూడు వారాల తర్వాత కొలిచి చూస్తే, రంగులేని ఆరు సీసాల్లో మేతగా కలిపిన ఆ కర్బన వలయాలు ఖాళీ. గులాబీ సీసాల్లో ముట్టిన పాపాన పోలేదు. ఆమె పంపిన ఆ లెక్కలు చూసి ఆచార్యుడు ఫోన్ చేశాడు.

"బిరడాల సందున గాలి దూరి, మామూలు సూక్ష్మజీవులే ఆ పని చేస్తున్నాయని ఇన్నాళ్ళూ నా అనుమానమమ్మా. అదే నిజమైతే గాలి పోసిన సీసాలు ముందు ఖాళీ అవ్వాలి. వేడి అంతే, మేత అంతే, తేడా గాలి ఒక్కటే. ఎంత గట్టి జీవులమ్మా అవి! నీ పరిశోధన సాగుతుంది. కానీ ఒక్కసారి జరిగితే దాన్ని ప్రమాదమంటారు. మీ ఆయన చేత ఇంకో రెండుసార్లు అచ్చం అలాగే చెడగొట్టించు."

ఆమె నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

మొదటిసారి ఎవరూ నేర్పకుండానే చెడగొట్టిన మనిషికి, రెండోసారి చెడగొట్టడానికి మూడు రోజుల శిక్షణ అవసరమైంది.