ఫిరంగికి వెల్వెట్ అస్తరు

కోపం నాకు మా నాన్న ఇచ్చిన ఆస్తి. ఇంకేమీ ఇవ్వలేదు కనుక దాన్నే జాగ్రత్తగా వాడుకుంటూ వస్తున్నాను. ఈమధ్య ఒక్క వారంలో దాని విలువంతా హారతి కర్పూరమైపోయింది. ఎలాగో చెబుతాను. మధ్యలో నవ్వారంటే మాత్రం మర్యాదగా ఉండదు, ముందే చెబుతున్నాను.

బజార్లో ఫొటో స్టూడియో మూసేస్తూ దాని ఓనరు నాకొక పాత టెలిఫొటో లెన్సు అంటగట్టాడు. మూరెడు పొడవు, ఒళ్ళంతా లోహం. ఆటోమేటిక్ అన్న మాటే ఎరగదు, ఫోకస్ కావాలంటే మెడ పట్టుకుని తిప్పాలి. నాదేమో కొత్త మిర్రర్‌లెస్ కెమెరా. ఆ ముసలిదానికీ ఈ పడుచుదానికీ నేరుగా పొత్తు కుదరదు కాబట్టి, మధ్యవర్తిగా అడాప్టర్ అనే రింగు ఒకటి తెప్పించాను.

"ఏమిటండీ ఈ ఫిరంగి? ఎవరి మీద యుద్ధం?" అంది మా ఆవిడ.

"దీంతో చూస్తే ఆ చివరి మేడ మీద పిట్ట కన్నార్పినా కనబడుతుందే."

"పక్కనున్న పెళ్ళాం కన్నీళ్ళు పెట్టుకున్నా కనబడదు. పిట్ట కన్నార్పితే కనబడుతుందా?"

మా ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఇంజెక్షనైనా మాటైనా సూటిగా దింపుతుంది.

లెన్సు బిగించి బటన్ నొక్కాను. క్లిక్కుమనలేదు. తెర మీద 'లెన్సు లేదు' అని వచ్చింది. మూరెడు లెన్సును మూతికి తగిలించుకుని లేదంటుందేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది.

"కెమెరాకే కనబడని లెన్సు ఇంకెవర్ని చూపిస్తుందండీ?" అంది మా ఆవిడ.

వెతికి చూస్తే తెలిసింది, పాత లెన్సు కెమెరాతో మాట్లాడదట. 'లెన్సు లేకపోయినా సరే, ఫొటో తియ్యి' అని మెనూలో మనమే చెప్పాలట. చెప్పాను. క్లిక్కుమంది. ఫొటో మాత్రం మజ్జిగలో ముంచి తీసినట్టు తెల్లగా వచ్చింది.

"పోన్లెండి బాబూ. కంటిశుక్లం ఆపరేషనుకి ముందు నాకూ లోకమంతా ఇలాగే కనబడేది," అని మా అత్తగారు ఓదార్చింది. ఆ ఓదార్పుకి నా కోపం రెట్టింపయింది.

స్టూడియో ఓనరుకి ఫోన్ చేసి కేకలేశాను. తప్పు లెన్సుది కాదట. అడాప్టర్ లోపలి గోడలు తళతళలాడుతున్నాయట, వెలుతురు వాటికి తగిలి ఫొటో మీద పడుతోందట. లోపల నల్ల వెల్వెట్ అస్తరు అతికిస్తే సరిపోతుందన్నాడు.

నల్ల వెల్వెట్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. మా డాబా మీద తీగకి వేలాడుతోంది. వెండి గుండీలు, చేతుల అంచున వెండి దారం ఉన్న మా ఆవిడ కోటు అది. శనివారం ఆసుపత్రి వాళ్ళు ఆవిణ్ణి ఉత్తమ నర్సుగా స్టేజీ మీద సన్మానిస్తారు. అందుకని ఎవర్నీ అడక్కుండా, పిల్లల ఫీజులూ ఇంటి ఖర్చులూ తలచుకోకుండా, తనకంటూ మొదటిసారి కొనుక్కున్న కోటు. రోజూ కవర్లోంచి తీసి, ఓసారి నిమిరి, మళ్ళీ లోపల పెట్టుకునేది. ఆవేళ కాస్త గాలి తగలనిద్దామని ఆరేసి డ్యూటీకి వెళ్ళింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే కత్తెర పట్టుకుని డాబా ఎక్కాను.

చేతి అంచు మడత లోపల చిన్న పీలిక చాలనుకున్నాను. మొదటిది పొట్టిదైంది. రెండోది వంకరగా వచ్చింది. వంకర సరిచేద్దామని మూడోది కత్తిరించాను. ఇలా సరిచేస్తూ పోయేసరికి కోటు ఎడమ చెయ్యి భుజం దాకా అయిపోయింది. ఆ కోటు కుట్టినవాడి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చెయ్యన్నాక నాలుగు అంగుళాలు ఎక్కువ పెట్టి కుట్టొద్దూ?

మిగిలిన కోటు చుట్టచుట్టి వీధి మొగలో పాత బట్టలు వేసే డబ్బాలో పడేసి వచ్చాను. పీలిక అతికించి చూస్తే ఫొటోలో మజ్జిగ మాయమైంది. కాసేపు నిజంగానే సంతోషించాను.

సాయంత్రం ఇల్లు కిష్కింధ అయింది.

"నా కోటేదండీ?"

"డాబా మీద ఆరేస్తే దొంగలు ఊరుకుంటారా? ఇలాంటి వెధవల్ని పట్టుకోవడానికే నేను లెన్సు కొన్నది!" అని గర్జించాను. ఒకే దెబ్బకి రెండు పిట్టలనుకున్నాను.

ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసింది. "సరే. సన్మానంలోపు ఆ దొంగ ఫొటో తియ్యండి. తీస్తే ఫిరంగి ఇంట్లో ఉంటుంది. లేదంటే పాతసామాన్లవాడి తక్కెట్లో ఉంటుంది." వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నాకోసం కొనుక్కున్నది అదొక్కటేనండీ," అంది.

నాకు సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ కోపంలో ఉన్న నర్సు ముందు నోరు తెరిస్తే ఏం జరుగుతుందో రోగులనడగండి.

డాబా మీద కాపలా కూర్చున్నాను. దొంగ దొరకడని తెలుసు కాబట్టి ఆ బెంగ లేదు. ఫోకస్ కుదరకపోవడమే మండిపోతోంది. నేను రింగు తిప్పేలోపు మనుషులు వీధి దాటిపోతున్నారు. పాలవాడి వీపు, సైకిలు తోక, ఎవరిదో సగం గొడుగు, అన్నీ మసకే.

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ పైకొచ్చింది. "జరగండి."

"దీనికి నేర్పు కావాలే."

"నరం దొరక్కపోతే కనబడ్డ చోటల్లా పొడుస్తామా? ముందు వెతకాలి, దొరికాక దింపాలి." తెర మీద బొమ్మ పెద్దది చేసుకుంది. రింగు వెంట్రుకవాసి ముందుకి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. ఊపిరి బిగబట్టి నొక్కింది.

తీసిన ఫొటోని తెర మీద ఇంకా పెద్దది చేసి చూసింది.

"ఏమండీ, రైట్‌రైట్ గారి కుక్క నా కోటు తొడుక్కుంది."

రైట్‌రైట్ గారంటే వీధి చివర మేడలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు. ఆయన కుక్క పేరు దొర. ఫొటోలో దొర బాల్కనీలో నల్ల వెల్వెట్ కోటు వేసుకుని హుందాగా కూర్చుంది. వెండి గుండీలు లెక్కపెట్టొచ్చు. లేని చెయ్యి కూడా స్పష్టంగా కనబడుతోంది. పాపిష్టి లెన్సు, నా మాట నిలబెట్టింది!

"కుక్కలతో మనకెందుకే," అంటూ నేను వెనక పరిగెత్తేలోపే మా ఆవిడ వాళ్ళ గేటు వాయించేస్తోంది.

"నా కోటు ఎత్తుకొచ్చి కుక్కకి తొడుగుతారా?"

"ఎత్తుకురావడమా! నా సర్వీసులో ఒక్కణ్ణి టికెట్ లేకుండా దిగనివ్వలేదమ్మా నేను!" అని ఆయన ఎగిరాడు. "పాత బట్టల డబ్బాలోంచి మా దొర లాక్కొచ్చాడు. ఒంటి చెయ్యి కోటు మనుషులకేం పనికొస్తుందని వాడికే తొడిగాను." కోటు విప్పి మా ఆవిడ చేతిలో పెట్టాడు.

నాకు దారి దొరికింది. "చూశావా, చెయ్యి మొత్తం కొరికేసింది! కుక్కని కట్టేసుకోలేరా?" అని ఆయన మీద అరిచాను. ఆయన నా మీద అరిచాడు. దొర ఇద్దరి మీదా అరిచింది.

మా ఆవిడ మాత్రం అరవడం మానేసింది. భుజం దగ్గర అంచు వేలితో తడుముతూ, "ఈ కుక్క కత్తెరతో కొరుకుతుందా అండీ?" అంది.

ఇంటికొచ్చి తిన్నగా కెమెరా దగ్గరికి వెళ్ళింది. లెన్సు ఊడదీసింది, రింగు ఊడదీసింది. లోపల చక్కగా అతికిన నల్ల వెల్వెట్, దాని మీద చేతి అంచున ఉండాల్సిన వెండి దారం.

"దొంగ ఇన్నాళ్ళూ కెమెరా వెనకాలే కూర్చున్నాడన్నమాట," అంది.

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "ఇప్పుడు బాగా కనబడుతోంది బాబూ."

ఆ రాత్రి కోటు మీది కుక్క వెంట్రుకలు ఒక్కొక్కటీ నేనే ఏరాను. పొద్దున మా ఆవిడ రెండో చెయ్యి కూడా తీయించి, చేతుల్లేని కోటుతో స్టేజీ ఎక్కింది. డాక్టరమ్మలంతా మూగి, ఎక్కడ కుట్టించారని ఒకటే అడగడం. "మా వారి డిజైను," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకూ ఛాతీ పొంగింది. అంతలో తీయించిన రెండో చెయ్యి నా జేబులో కుక్కి, "దాచుకోండి. ఇంకో అడాప్టర్ కొన్నప్పుడు పనికొస్తుంది. కొనే ధైర్యముంటే," అంది.

లెన్సు తక్కెట్లోకి వెళ్ళలేదు. డాబా మీద వీధికి గురిపెట్టి ఉంది. ఇప్పుడది ఆవిడది.

మొన్న ఆఫీసు నుంచి వస్తూ వీధి మొగలో బేకరీ దగ్గర ఆగాను. షుగరున్న నాలాంటివాడికి ఒక్క క్రీము బన్నే తప్పు. రెండోది నోటి దాకా వెళ్ళేసరికి ఫోన్ మోగింది.

"ఆ రెండోది కింద పెట్టండి."

తలెత్తి చూశాను. మా డాబా మీంచి ఫిరంగి నల్ల నోరు తెరుచుకుని నా వైపే చూస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు నూరాను.

"ఆ మొహం కూడా ఫోకస్‌లోనే వచ్చిందండీ," అంది ఫోన్లో మా ఆవిడ.