ముఖ్య రుచి పరీక్షకురాలు

"మా లీగులో ఏ ఆటగాడికీ నెలకు నాలుగు లక్షల పెసోలకు మించి ఒక్క సెంటావో కూడా ముట్టదు. సమానత్వమే మా ఊపిరి!" అని బాస్కెట్‌బాల్ లీగు కమిషనర్ గుండెల మీద చెయ్యి వేసుకుని ప్రకటించాడు. మనీలా పత్రికలన్నీ ఆ చేతిని ఫొటో తీశాయి. ఆ చేతి కింద ఏముందో తీయగల కెమెరా ఇంకా తయారు కాలేదు.

ఈ ప్రకటనకూ, నవోటస్ రేవులో డబ్బా చేపల రుచి మెరుగుపడటానికీ ప్రత్యక్ష సంబంధం ఉంది.

లంబాత్ చేపల కంపెనీవారి జట్టులో అర్సెనియో మగ్బనువా మేటి ఆటగాడు. పరిమితికి రెట్టింపు ఇస్తే తప్ప అతడు నిలిచేలా లేడు; ఇస్తే నిషేధం తప్పేలా లేదు. కనుక కంపెనీ నిబంధనను అక్షరాలా పాటించింది. అతనికి నాలుగు లక్షలే రాసి, మిగిలిన నాలుగు లక్షలకూ అతని భార్య పెర్లిటాను ఫ్యాక్టరీలో 'ముఖ్య రుచి పరీక్షకురాలి'గా నియమించింది. ఇందులో వింతేమీ లేదు. అంతకు ముందు ఏడాది మరో జట్టు ఆటగాడి అత్తగారు సిమెంటు కంపెనీకి సాంకేతిక సలహాదారు అయింది.

జరిగిన పొరపాటు ఒక్కటే. నియామక పత్రాన్ని పెర్లిటా చదివింది!

సోమవారం ఉదయం ఆరింటికి ఆమె నడుముకు గుడ్డ చుట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడింది. మేనేజర్ బెలార్డో పరుగున వచ్చాడు.

"మేడమ్, మీరు రావడమేమిటి! జీతం ఇంటికే వస్తుంది కదా!"

"చేప కూడా ఇంటికే వస్తుందా?"

"అయ్యో, ఇది ఊరికే కాగితం మీది ఉద్యోగం, తల్లీ!"

"ఆ కాగితం మీదున్నది నా సంతకం. ముందు చెంచా ఇవ్వండి."

పెర్లిటా తల్లి ముప్ఫై ఏళ్లు ఆ రేవులోనే పొగబెట్టిన చేపలు అమ్మింది. మొప్ప ఎత్తి చూసి, చేప వలలో పడి ఎన్ని గంటలైందో చెప్పగల మనిషి. కూతురికి ఆ ముక్కూ వచ్చింది, చెయ్యని పనికి డబ్బు తీసుకుంటే ఒంటికి పట్టదన్న మొండితనమూ వచ్చింది. మొదటిరోజే మూడు వేల డబ్బాలు వెనక్కి పంపింది.

బెలార్డో ఆమెను తీసేయలేడు. తీసేస్తే అర్సెనియో పోతాడు. ఆమెది ఉత్తుత్తి ఉద్యోగమని పైకి చెప్పలేడు. చెబితే లీగు పట్టుకుంటుంది. కాబట్టి కంపెనీ చరిత్రలో తొలిసారిగా తాజా చేపలు కొన్నాడు.

ఏడాది తిరిగేసరికి అమ్మకాలు పెరిగాయి, దానితో పాటు ప్రత్యర్థుల కడుపుమంటా పెరిగింది. వాళ్ల ఫిర్యాదు మీద లీగు విచారణాధికారి వస్తున్నాడని తెలిసింది. ఉద్యోగం బూటకమని తేలితే పెర్లిటా పని పోతుంది, అర్సెనియోకు ఏడాది నిషేధం. అరిగిపోయిన అతని మోకాలికి ఇంకో ఏడాది ఆట మిగిలుందో లేదో!

"పెర్లీ, ఆయన వచ్చినప్పుడు ఏదో పనిచేస్తున్నట్టు నటించు!" అని అర్సెనియో బతిమాలాడు.

"నటించే తీరిక నాకెక్కడిది? ఏడింటికి పడవలొస్తాయి."

అధికారి వచ్చాడు. పెర్లిటా నమస్కారాలకు ఆగకుండా అతని నోట్లో రెండు చెంచాలు పెట్టింది.

"ఏది తాజా?"

"మొదటిది."

"నిన్నటిది అది. రేపు మీ కడుపే మీకు చెబుతుంది."

అతడు రోజంతా కూర్చుని నివేదిక రాశాడు: "ముఖ్య రుచి పరీక్షకురాలి ఉద్యోగం ముమ్మాటికీ వాస్తవం. మేనేజర్ ఉద్యోగం గురించే విచారణ అవసరం."

అర్సెనియో ఉత్సాహంగా బెలార్డో దగ్గరికి వెళ్లాడు. "ఆవిడ జీతం ఆవిడ కష్టమని లీగే తేల్చింది కదా. మరి మీరు నాకు ఒప్పుకున్న మిగతా నాలుగు లక్షలేవీ?"

"ఇస్తే పరిమితి దాటుతుంది కదయ్యా!" అన్నాడు బెలార్డో, ఆ మాటను జీవితంలో మొదటిసారి నిజాయితీగా వాడుకుంటూ.

సీజన్ ముగిసే నాటికి మోకాలు చేతులెత్తేసింది. ఒప్పందమూ ముగిసింది. అంతలో లంబాత్ యజమాని స్వయంగా మామిడిపళ్ల బుట్టతో ఇంటికొచ్చాడు. అర్సెనియో చొక్కా సర్దుకుని తలుపు తీశాడు.

"నువ్వు కాదయ్యా. మేడమ్ ఉన్నారా?"

పోటీ చేపల కంపెనీ పెర్లిటాకు మూడు రెట్లు ఇస్తానందట. రుచి చూసేవాళ్ల జీతానికి ఏ లీగులోనూ పరిమితి లేదు! యజమాని నాలుగు రెట్లు ఇస్తానన్నాడు. ఆమె ఇంకా ఆలోచిస్తుంటే గొంతు తగ్గించాడు. "మీ ఆయనకూ ఇంకో ఏడాది ఒప్పందం రాస్తాం. నెలకు నాలుగు లక్షలు. మైదానానికి రానక్కర్లేదు."

మర్నాడు కమిషనర్ మళ్లీ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "అర్సెనియో ఒప్పందం చూడండి! ఆటకు ఎంత రాశారో అంతే. ఒక్క సెంటావో ఎక్కువ లేదు!"

ఆ మర్నాడు తెల్లవారుజామున పెర్లిటా భర్త దుప్పటి లాగేసింది.

"లే. ఏడింటికి ప్రాక్టీసు."

"నన్నెవరూ ఆడించరు, పెర్లీ. అది కాగితం మీది ఉద్యోగమే!"

ఆమె బూట్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"సంతకం నీదేగా? వేసుకో."